పడవకారుకు ఫిర్యాదు కావలెను

మేడిశెట్టి వీరభద్రం గారి కారుకు ఏ జబ్బూ లేదు. ఆయన కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

కాకినాడలో ఆ కారును కంపెనీ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ అది పడవకారే. మీగడ రంగు, పొడుగాటి ముక్కు, ఓ చిన్న కాపురం సామానంతా పట్టే డిక్కీ. సందు మలుపు తిరిగి ముందు భాగం ఇంటి గేటు దగ్గరకు వచ్చేసినా, వెనక భాగం ఇంకా కిరాణా కొట్టు ముందే ఉండేది. పోర్టు ఆఫీసులో ఉద్యోగం చేసే రోజుల్లో, ఊరు వదిలి వెళ్లిపోతున్న ఓ షిప్పింగు కంపెనీ మేనేజరు దగ్గర వీరభద్రం గారు దాన్ని కొన్నారు. "ఏనుగుని కొన్నావురా, మేపలేవు" అన్నారు స్నేహితులు. ఆ స్నేహితుల కార్లన్నీ ఒక్కొక్కటే తుక్కు కొట్టుకు చేరాయి. ఏనుగు మాత్రం పొద్దున్నే తాళం తిప్పగానే ఒక్కసారి గొంతు సవరించుకుని లేచేది. సముద్రం రోడ్డు మీదకు వచ్చిన తుఫానులో కూడా మొరాయించలేదు. మెకానిక్కు ఆయిలు మార్చి, బోనెట్టు లోపల కాసేపు ఆశగా వెతికి, ఏమీ దొరక్క ఉసూరుమంటూ మూసేసేవాడు.

ఆ ఇంట్లో ఆ కారు విలువ తెలియాలంటే మాణిక్యం గారి సంగతి చెప్పుకోవాలి. వీరభద్రం గారి భార్య. ఒకప్పుడు పద్యనాటకాల్లో రాణి వేషాలు వేసేవారు. ఆవిడ రాగం అందుకుంటే చాలు, హాలంతా "వన్స్‌మోర్!" అని ఒకటే కేకలు. పాడిన పద్యం మళ్లీ పాడేదాకా కథను అంగుళం కదలనిచ్చేవాళ్లు కాదు. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా అరిచే కుర్రాడు ఒకడుండేవాడు. ఆ అరుపులు అరిచీ అరిచీ చివరికి ఆవిడ మెడలో తాళి కట్టాడు. ఆయనే వీరభద్రం గారు. తర్వాత ఓ నాటకంలో రాణిగారు ఠీవిగా సింహాసనం మీద కూర్చోగానే, ఎర్ర గుడ్డ కింద దాచిన చెక్కబల్ల విరిగింది. బల్లతోపాటు ఆవిడ నడుమూ విరిగింది. అప్పటినుంచి ఆవిడకు బస్సు లేదు, రైలు లేదు. ఆటో కనబడితే చాలు, నడుం పట్టుకునేవారు. పడవకారు వెనక సీటు ఒక్కటే ఆవిడకు దొరికిన విరగని సింహాసనం. అందులో కూర్చుంటే నాకు నడుం అనేది ఒకటుందని గుర్తే ఉండదు అనేవారు. ఎంత దూరం వెళ్లొచ్చినా, కారు గేటు ముందు ఆగగానే ఆవిడది ఒకటే మాట.

"అప్పుడే వచ్చేశామా?"

రోజూ వినే మాట గనక వీరభద్రం గారు దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు.

ఇలా ఉండగా రాష్ట్రానికి అనుభవం పట్టుకుంది. పెద్ద హోదాలో ఉన్నాయన ఎవరో ఏదో దేశంలో ఏదో సదస్సుకు వెళ్లి, వాహన యజమానుల అనుభవాలు సేకరించకపోతే సమాజం ముందుకు పోదని తెలుసుకుని వచ్చారు. విమానం దిగేలోపే 'వాహన యజమానుల అనుభవ సంస్థ' పుట్టింది. జిల్లాకో అనుభవాధికారి, ఆయన కిందో సహాయ అనుభవాధికారి. గోడల నిండా నినాదాలు: "మీ బాధ చెప్పండి, మా సేవ చూడండి!" కారున్న ప్రతివాడూ ఆ కారు వల్ల తాను పడుతున్న బాధ ఒకటి సంస్థకు చెప్పుకోవాలి. సంస్థ ఆ బాధను తీర్చి, తీర్చినట్టు అనుభవపత్రం ఇవ్వాలి. మార్చి నెలాఖరుకల్లా ఆ పత్రం రాని కారు తుక్కు కింద జమ. రూలు రాసినవాళ్లు అన్నీ ఆలోచించారు. బాధ పెట్టని కారు కూడా ఒకటి ఉంటుందన్న ఆలోచన ఒక్కటే వాళ్లకు రాలేదు. వాళ్ల కార్లు అలాంటివి.

ఆ వారంలోనే తాడేపల్లిగూడెం నుంచి ఫోను వచ్చింది. అక్కడి నాటక పరిషత్తు కార్యదర్శి. "అమ్మా, మీ పద్యం విన్నవాళ్లం ఇంకా కొందరం బతికే ఉన్నాం. మార్చి ఆఖరి రోజు పొద్దున సభ పెట్టుకున్నాం. శాలువా సంగతి అటుంచండి, ఒక్క పద్యం పాడి వెళ్లండి" అన్నాడాయన. మాణిక్యం గారు ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయారు. సాయంత్రం అక్కడినుంచి సన్నగా రాగం వినబడింది. విరిగిన బల్ల మీదనుంచి లేచాక ఆవిడ గొంతు విప్పడం అదే మొదలు. హాల్లో పేపరు చదువుకుంటున్న వీరభద్రం గారు పేపరు అడ్డం పెట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు పొద్దున్నే అనుభవపత్రం కోసం బయల్దేరారు.

సంస్థ ఆఫీసు భానుగుడి సెంటరుకు కాస్త ఇవతల, ఒకప్పటి కల్యాణమండపంలో ఉంది. పెళ్లిపీటలు వేసే వేదిక మీద జిల్లా అనుభవాధికారి గారి బల్ల. కింద, బంతి భోజనాలు పెట్టే చోట సహాయ అనుభవాధికారి జోస్యుల దక్షిణామూర్తి. వరసలో జనం కళకళలాడుతున్నారు. రేడియేటరు కారేవాడు, బ్రేకు పడనివాడు, తలుపు ఊడి చేతికొచ్చినవాడు, అందరి మొహాల్లోనూ ధీమా. వీరభద్రం గారి పక్కింటి గుత్తుల సత్తిబాబుకు ఆ రోజు సన్మానం కూడా జరిగింది. అతని కొత్త ఎర్రకారు వారానికి మూడు పూటలు ఆగిపోతుంది. తోసీ తోసీ సత్తిబాబు భుజాలు పహిల్వాను భుజాల్లా తయారయ్యాయి. సంస్థ అతనికి 'విశిష్ట అనుభవశాలి' అని బిరుదిచ్చి, ఆ భుజాల మీద శాలువా కప్పింది.

వీరభద్రం గారి వంతు వచ్చింది.

"సదరు వాహనము వల్ల తమరికి కలుగుచున్న బాధ ఏమి?" అన్నాడు దక్షిణామూర్తి తలెత్తకుండా.

"బాధేం లేదండి. బాగానే ఉందండి."

కలం ఆగింది. "బాగానే ఉంది. సరే. బాగానే ఉండి ఏ విధముగా బాధించుచున్నది?"

"బాధించట్లేదండి బాబూ. తాళం తిప్పితే లెగుస్తాది, ఆపితే ఆగుతాది. ఆయ్."

దక్షిణామూర్తి తలెత్తి ఆయన్ని జాలిగా చూశాడు. "చూడండి పెద్దాయనా, మా సంస్థ బాధలు తీర్చుటకు ఏర్పడినది. తమరు బాధ తీసుకురాకుండా ఖాళీ చేతులతో వస్తే నేను దేన్ని తీర్చాలి? వైద్యుడి దగ్గరికి జబ్బు లేకుండా వెళ్తారా?"

వెనక వరసలో జనం గొణుగుతున్నారు. ఖాళీ చేతులతో వచ్చినందుకు వీరభద్రం గారికి నిజంగానే సిగ్గేసింది. బుర్ర గోక్కుని, గోక్కుని, "ఒకటుందండి. రోడ్డు మీద గోతులు ఎక్కడున్నాయో ఈ కార్లో తెలియనే తెలీదండి" అన్నారు.

"అది రోడ్ల శాఖకు ప్రశంస అవుతుంది. వాళ్లకు ప్రశంస తెచ్చిపెట్టుటకు మేమెందుకు?"

"పోనీ, హారను కొంచెం మెత్తగా..."

ఆ మాట పూర్తికాకుండానే దక్షిణామూర్తి లేచి బయటికొచ్చి హారను నొక్కాడు. గుమ్మం ముందు నెమరు వేసుకుంటున్న గేదె లేచి నిలబడింది. లోపలినుంచి టీ తెస్తున్న ప్యూను కప్పులతో సహా కూర్చున్నాడు.

"అసత్య ఫిర్యాదు!" అన్నాడు దక్షిణామూర్తి చెవి రుద్దుకుంటూ. "ఇది మొదటిసారి గనక వదిలేస్తున్నాను. అసలైన బాధతో రండి."

సాయంత్రం సత్తిబాబు శాలువాతోనే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "బాబాయిగారూ, మీరు మరీ అమాయకులండి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, ఊళ్లో కార్లన్నీ చెడిపోతుంటే మీదొక్కటే బాగుంటే ఎలాగండి? ఓ బోల్టు వదులు చెయ్యండి. ఆళ్లు బిగిస్తారు, కాయితం ఇస్తారు. గొడవొదిలిపోద్ది."

సలహా బాగానే ఉందనిపించింది. మర్నాడు మధ్యాహ్నం వీరభద్రం గారు స్పానరు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లారు. బోనెట్టు ఎత్తారు. లోపల అన్నీ ఎక్కడివక్కడ బుద్ధిగా ఉన్నాయి. ఏ బోల్టు మీద స్పానరు పెట్టినా తిప్పడానికి మనసొప్పక తీసేశారు. ఇంతలో మాణిక్యం గారు తలుపు పట్టుకుని మెల్లగా గుమ్మంలోకి వచ్చారు.

"ఏం చేస్తన్నారండి?"

"చిన్న రోగం పెడదామనే. ఆళ్లు వైద్యం చేసి పంపుతారంట. నిన్ను తాడేపల్లిగూడెం తీసుకెళ్లాలా వద్దా?"

"నడుం విరిగిన నన్ను ఇన్నేళ్లు మోసింది కదండీ అది. ఇప్పుడు దాని నడుం విరగ్గొడతారా?"

వీరభద్రం గారు స్పానరు ఇంట్లో పెట్టేసి వచ్చారు. చేసిన పాపానికి పరిహారంగా కారంతా గుడ్డతో తుడిచారు. బుద్ధి తెచ్చుకుని, ఇక నేరుగా పెద్దాయన్నే కలుద్దామని నిశ్చయించుకున్నారు.

జిల్లా అనుభవాధికారి విశ్వమోహనరావు గారు పెళ్లివేదిక మీద, పూలదండలు కట్టే కొక్కేల కింద కూర్చుని ఉన్నారు. కళ్ల కింద నల్లటి చారలు. ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టదని ఆఫీసంతా చెప్పుకుంటుంది. ఇప్పుడైతే బొత్తిగా పట్టడం లేదు. జిల్లాలో చెప్పుకున్న బాధలన్నీ తీరిపోయాయి. నూటికి నూరు శాతం అని పైకి రాసి, ప్రశంసాపత్రం అందుకోవడమే తరువాయి. ఆ నూరుకు అడ్డంగా పడవకారు ఒక్కటి పడుకుని ఉంది.

"వీరభద్రం గారూ," అన్నారాయన నుదురు నొక్కుకుంటూ. "దోషము లేని వస్తువు సృష్టిలో లేదు. లేదని తోచినచో, అది దాగియున్నదని భావము. బయటపడ్డ దోషముకంటె దాగిన దోషము ప్రమాదకరము. తమరు ఇన్ని సంవత్సరములుగా ఎంతటి ప్రమాదములో ప్రయాణించుచున్నారో తమరికి తెలియదు."

"ఇప్పుడేం చెయ్యమంటారండి?"

"తమరేమియు చేయనక్కరలేదు. మేము కనిపెట్టెదము."

అలా 'దోషాన్వేషణ సంఘం' ఏర్పడింది. సభ్యులు ముగ్గురు. అధ్యక్షులు విశ్వమోహనరావు గారు, కార్యదర్శి దక్షిణామూర్తి. మూడో సభ్యుడి పోస్టు ఇంకా భర్తీ కాలేదు. అయినా రూలు ప్రకారం వెనక సీట్లో ఆయనకు చోటు వదిలి కూర్చున్నారు. యజమాని నడపాలి, సంఘం ఎక్కాలి, సంఘం వారు తప్ప ఇంకెవరూ వెనక సీటు తాకకూడదు. ఇవీ నిబంధనలు.

మొదటి అన్వేషణ సామర్లకోట దాకా. ఊరి పొలిమేర దాటకుండానే అధ్యక్షుల వారి గడ్డం గుండెల మీద వాలింది. కార్యదర్శి ఆయన్ని లేపుదామని చెయ్యి చాపి, చాపిన చెయ్యి చాపినట్టే నిద్రపోయాడు. వీరభద్రం గారు సామర్లకోట వెళ్లి, ఓ టీ తాగి, మళ్లీ ఆఫీసుకు తీసుకొచ్చి, కాసేపు మర్యాదగా దగ్గి, చివరికి హారను కొట్టారు.

విశ్వమోహనరావు గారు కళ్లు తెరిచారు. ఆ కళ్లలో చాలా ఏళ్లుగా లేని కాంతి. "బయలుదేరుదామా?" అన్నారు.

"వెళ్లొచ్చేశామండి."

సంఘం తన నివేదిక రాసుకుంది: "సంఘము సదరు వాహనమునందు గాఢముగా నిమగ్నమైనది. దోషము ఇంకను చేతికి చిక్కలేదు. మరింత దీర్ఘమైన అన్వేషణ అవసరము."

రెండో అన్వేషణకు పిఠాపురం వెళ్లారు. దిండు తెచ్చుకున్నారు. మూడో దానికి ద్రాక్షారామం. దుప్పటి, కాజాల పొట్లం, రెండు టిఫిను కారియర్లు వచ్చాయి. కారియర్లను మూడో సభ్యుడి చోట కూర్చోబెట్టారు. తర్వాత వారం అసలు కదలకుండానే అన్వేషణ మొదలైంది. మధ్యాహ్నం భోజనాలు కాగానే అధికారులిద్దరూ ఆఫీసు వరండా ముందు నిలిపిన కారులో కూర్చునేవారు. దీనికి 'స్థిర పరిశీలన' అని పేరు. బయట తలుపు దగ్గర ప్యూను కాపలా, మాట్లాడేవాళ్లను ఉష్ ఉష్ అంటూ. ఆఖరికి వీరభద్రం గారిని పిలిచి, అన్వేషణ ముగిసేదాకా వాహనం సంఘం అధీనంలో, ఆఫీసు ఆవరణలోనే ఉండాలని చెప్పేశారు.

"మరి నెలాఖరు దగ్గరకొచ్చేసిందండి," అన్నారు వీరభద్రం గారు. "దోషం దొరక్కపోతేనో?"

"దొరకనిచో పత్రము లేదు. పత్రము లేనిచో తుక్కు." విశ్వమోహనరావు గారు ఆవులించారు. "అది మాకు మాత్రము బాధ కాదా?"

ఆ రోజు వీరభద్రం గారు ఇంటికి నడిచి వెళ్లారు. గేటు ముందు ఆ ఖాళీ చోటు చూస్తే ఏడుపొచ్చినంత పనైంది. వంటింట్లో రాగం లేదు. మాణిక్యం గారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"ఆళ్లకి ఫోను చేసి రాలేనని చెప్పేయండి," అన్నారు ఆవిడ. "పాపం, నాకోసం ఎదురుచూస్తారు."

"ఇంకా రెండ్రోజులుంది కదా."

"ఉంటే? ఎగిరెళ్తానా? నా పద్యం ఆ బల్లతోనే విరిగిపోయిందండి. అనవసరంగా మళ్లీ ఆశ పెట్టుకున్నాను."

ఆ గొంతు కోసం ఈలలు వేసి, చొక్కా చింపుకుని అరిచినవాడు వీరభద్రం గారు. ఆ గొంతు మళ్లీ లేస్తుందని ఆశపడ్డది ఆవిడకంటే ఆయనే ఎక్కువ. ఫోను దగ్గరికి వెళ్లారు గానీ చెయ్యలేదు. ముల్లును ముల్లుతోనే తియ్యాలి అనుకున్నారు. ఈ రూలు ముల్లును తియ్యడానికి ఇంకో రూలే కావాలి. ఆ రాత్రి సంఘం నిబంధనలన్నీ ఒక్కొక్కటే మనసులో తిరగేసుకున్నారు. తెల్లారాక ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్లారు.

"అయ్యా, నాకొకటి తోచిందండి. పిఠాపురం, ద్రాక్షారామం, ఇయ్యన్నీ దగ్గర ఊళ్లు. దగ్గర దూరంలో దోషం ఏం బయటపడద్ది? దూరం తీసుకెళ్తే అలిసిపోయి అదే బయటపడద్ది. రేపు పొద్దున్నే తాడేపల్లిగూడెం వెళ్లొద్దామా?"

"తాడేపల్లిగూడెం!" విశ్వమోహనరావు గారి మొహం విప్పారింది. అంత పొడుగు నిద్ర ఆయన ఊహకు కూడా అందలేదు. "దూరప్రయాణ పరిశీలన. ఉత్తమమైన సూచన."

"ఆయ్. కాకపోతే మా ఆవిడ కూడా వస్తాదండి."

"అసంభవము. కుటుంబ సభ్యులు వెనక సీటు తాకరాదు. సంఘ సభ్యులే కూర్చొనవలెను."

"అదేనండి నేనూ అనేది. మూడో సభ్యుడి పోస్టు ఖాళీగా ఉంది కదండీ. రేపు మార్చి ఆఖరు. ఖాళీ పోస్టుతో సంఘం ఏం తేల్చినా పైవాళ్లు ఒప్పుకుంటారంటారా?"

విశ్వమోహనరావు గారు దక్షిణామూర్తి మొహం చూశారు. దక్షిణామూర్తి ఒప్పుకోరన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరికీ చెమటలు పట్టాయి. సంఘం అన్నాక ముగ్గురుండాలి. ఇన్నాళ్లూ ముగ్గురి చోట టిఫిను కారియర్లతో సరిపెట్టారు.

"సభ్యునకు అర్హత ఉండవలెను," అన్నాడు దక్షిణామూర్తి నీరసంగా. "దోషములు కనిపెట్టుటలో చిరకాల అనుభవము."

"పెళ్లైన దగ్గర్నుంచీ నాలో కనిపెడుతూనే ఉందండి. ఇంకా అయిపోలేదంట."

ఆ మధ్యాహ్నమే శ్రీమతి మేడిశెట్టి మాణిక్యం గారిని తాత్కాలిక సభ్యురాలిగా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది.

మార్చి ఆఖరి రోజు పొద్దున, ఎండ ఎక్కకముందే పడవకారు బయల్దేరింది. మాణిక్యం గారు ముదురు ఎరుపు పట్టుచీర కట్టుకుని, అధ్యక్షుడికీ కార్యదర్శికీ మధ్య కూర్చున్నారు. సీటు పెద్దది గనక ముగ్గురూ ఒకళ్లకొకళ్లు తగలకుండా హాయిగా పట్టారు. కారియర్లు ముందు సీటుకు బదిలీ అయ్యాయి. ద్వారపూడి వచ్చేసరికి ఇటొక గురక, అటొక గురక. ఒకటి మంద్రం, ఒకటి తారం. ఆ రెంటి మధ్యా మాణిక్యం గారు శ్రుతి పట్టుకుని పద్యం నెమరువేసుకున్నారు. కాలవలో నీళ్లు తళతళలాడుతున్నాయి. గోదావరి బ్రిడ్జి మీద గాలి లోపలికి రివ్వున కొట్టింది. వీరభద్రం గారు అద్దంలోంచి చూశారు. ఆవిడ కళ్లు మూసుకుని ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి, మొహంలో నొప్పి జాడ లేదు. దోషం దొరికినా దొరక్కపోయినా సరే, ఈ ఒక్క ప్రయాణం దక్కింది చాలు అనుకున్నారు ఆయన.

పరిషత్తు హాలు ముందు కారు ఆగింది. విశ్వమోహనరావు గారు ఉలిక్కిపడి లేచి, కిటికీలోంచి చూసి, ఎవరో ఆటబొమ్మ లాగేసుకుంటే పిల్లాడు పెట్టేలాంటి మొహం పెట్టారు. "అప్పుడే వచ్చేశామా?"

అదే క్షణంలో పక్కనుంచి మాణిక్యం గారు, అలవాటు చొప్పున, "అప్పుడే వచ్చేశామా?" అన్నారు.

దక్షిణామూర్తి కళ్లు నులుముకున్నాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. గబుక్కున జేబులోంచి కలం తీశాడు. "సార్! ఇప్పుడు తమరు ఏమన్నారు?"

"అప్పుడే వచ్చేశామా అన్నాను. ఏమి?"

"ఆ అన్న గొంతులో ఏముంది సార్?"

విశ్వమోహనరావు గారు ఒక్క నిమిషం ఆలోచించారు. నెమ్మదిగా ఆయన మొహం వెలిగింది. "బాధ!" అన్నారు.

"బాధే సార్! ముగ్గురు సభ్యుల్లో ఇద్దరు ఏకకంఠంతో వెలిబుచ్చినారు. మిగిలిన సభ్యుడనైన నేను నిద్రలో ఉన్నాను. మెజారిటీ!"

అధికారులిద్దరూ నడివీధిలో కావలించుకున్నారు. వీరభద్రం గారు స్టీరింగు మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుండిపోయారు. ఇన్నేళ్లుగా గేటు ముందు తన చెవిన పడుతున్న మాట! ఊరంతా తిరిగి, బుర్ర బద్దలు కొట్టుకుని వెతికిన ఫిర్యాదు ఇంట్లోనే, వెనక సీట్లోనే ఉంది. తను ఒక్కసారైనా వినిపించుకోలేదు. ఆయనకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా వేసింది.

లోపల సభ మొదలైంది. మాణిక్యం గారిని మెత్తటి కుర్చీలో కూర్చోమంటే ఆవిడ నవ్వి, "కుర్చీలతో నాకు పాత గొడవుంది, నిలబడే పాడతాను" అన్నారు. మొదటి పాదం గొంతులో వణికింది. రెండో పాదంలో నిలదొక్కుకుంది. మూడో పాదం దగ్గర రాగం పైకి లేచి, లేచి, హాలు కప్పు దాకా వెళ్లి అక్కడే కాసేపు నిలబడి, నిదానంగా దిగింది. వీరభద్రం గారు అరుద్దామని నోరు తెరిచారు. గొంతు పూడుకుపోయి మాట రాలేదు. అంతలో వెనకనుంచి ఎవరో బల్ల గుద్ది అరిచారు.

"వన్స్‌మోర్!"

చూస్తే విశ్వమోహనరావు గారు. కళ్ల వెంట ధారగా నీళ్లు. ఆయన వ్యాకరణం కూడా మరిచిపోయారు. "మళ్లీ పాడండమ్మా, మళ్లీ పాడండి!"

ఆవిడ మళ్లీ పాడారు. అప్పటికి వీరభద్రం గారి గొంతు కూడా బాగుపడింది.

సభ అయ్యాక, మేకప్ గది బల్ల చుట్టూ సంఘం ఆఖరి సమావేశం జరిగింది. ఫిర్యాదు దొరికింది, ఇక పరిష్కారం కావాలి. అదీ సాయంత్రం ఆఫీసు వేళ దాటకముందే.

"వేగము తగ్గించవలెనని రాసెదమా?" అన్నాడు దక్షిణామూర్తి.

"వలదు. వేగము తగ్గినచో నిద్ర మరింత బాగుగా పట్టును. మరింత త్వరగా వచ్చినట్లు తోచును. బాధ ఎక్కువగును." విశ్వమోహనరావు గారు గడ్డం నిమురుకున్నారు. "దారి పెంచుము."

అనుభవపత్రం తయారైంది. సంచిలోంచి స్టాంపు తీసి దక్షిణామూర్తి ధనాలున కొట్టాడు. "సదరు వాహనము ప్రయాణికులను అతి త్వరగా గమ్యమునకు చేర్చుచున్నట్లు తోచి బాధించుచున్నది. పరిష్కారము: ఇకమీదట సదరు వాహనము ఎచ్చటికి పోయినను, ఎచ్చటినుండి వచ్చినను, చుట్టుదారినే పోవలెను, చుట్టుదారినే రావలెను." నూటికి నూరు శాతం. ఫోనులో పైకి కబురు కూడా వెళ్లిపోయింది.

అధికారులిద్దరూ దిండూ దుప్పటీ సర్దుకుని కారు దగ్గరికి వచ్చారు. వీరభద్రం గారు తలుపు తీసి పట్టుకుని, కాస్త ఇబ్బందిగా దగ్గారు.

"అయ్యా, పత్రం ఇచ్చేశారు కదండీ. మరి సంఘం..."

"రద్దైనది," అన్నారు విశ్వమోహనరావు గారు గర్వంగా. అని, తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయారు.

"సంఘ సభ్యులు తప్ప వెనక సీటు తాకరాదని తమరే..." అన్నారు వీరభద్రం గారు.

"అది పరిశీలనలో ఉన్నప్పటి నిబంధన సార్," అన్నాడు దక్షిణామూర్తి ఆశగా. "ఇప్పుడు లేదు."

"ఇప్పుడు ఏ అధికారంతో ఎక్కుదుము మూర్తీ?" అన్నారు విశ్వమోహనరావు గారు. ఎంతైనా రూలు తెలిసిన మనిషి. "పరిశీలన లేకుండ ప్రైవేటు వాహనము ఎక్కినచో రేపు మన మీదనే ఫిర్యాదు." ఆయన కారును ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒకసారి కళ్లతో తడిమారు. పాపం, వీరభద్రం గారికి జాలేసింది. రూలు ఒప్పుకుంటే ఎక్కించుకునేవారే. అధికారులిద్దరూ దిండు చెరో చివర పట్టుకుని బస్‌స్టాండు వైపు నడిచారు.

చుట్టుదారి అన్నారు గనక వీరభద్రం గారు తణుకు మీదుగా రావులపాలెం, అక్కడినుంచి అమలాపురం, యానాం దారి పట్టారు. కాలవగట్ల వెంట, కొబ్బరిచెట్ల నీడల్లో పడవకారు పేరు నిలబెట్టుకుంటూ సాగింది. మాణిక్యం గారు సీటంతా ఒక్కరే అయి, శాలువా ఒళ్లో పెట్టుకుని, పద్యం పాడారు, ఆపారు, మళ్లీ పాడారు. పొద్దు వాలే వేళకు సందు మలుపు తిరిగి గేటు ముందుకు వచ్చారు. వెనక భాగం ఇంకా కిరాణా కొట్టు ముందే ఉంది.

"అప్పుడే వచ్చేశామా?" అన్నారు మాణిక్యం గారు.

ఈసారి వీరభద్రం గారు విన్నారు. బ్రేకు మీద కాలు పెట్టబోయి, అద్దంలోకి చూశారు. "ఏం చేద్దామంటావు?"

మాణిక్యం గారు వెనక సీట్లో రాణిలా నిటారుగా కూర్చుని, కారు దద్దరిల్లేటట్టు ఒక్క కేక పెట్టారు.

"వన్స్‌మోర్!"

కారు గేటు దాటింది. పక్కింటి ముందు ఎర్రకారును తోస్తున్న సత్తిబాబు గాభరాగా చెయ్యి ఊపాడు. "బాబాయిగారూ! ఇల్లు దాటిపోయారండీ!"

"రూలు సత్తిబాబూ, రూలు!" అంటూ వీరభద్రం గారు సముద్రం వైపు తిప్పారు.